రాడ్డుకు కట్టిన తువ్వాల

దిగుడులో పడ్డవాడి సైకిలు ఎక్కుడు గేరులో ఎందుకుంటుంది?

ఈ ఒక్క ముక్క అడిగినందుకు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ షాలేమ్‌రాజు నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఆయన ఎస్సైగా, నేను కానిస్టేబుల్‌గా ఒకే స్టేషన్లో ఉన్న రోజుల్లోనూ నేను నోరు తెరిస్తే ఇదే చూపు. ఆ చూపు భరించలేకే ఉద్యోగం మానేసి ఖమ్మంలో ఒక జిరాక్సు షాపు మేడ మీద డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాను. బోర్డు మీద రిబ్కా అని నా పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో రాయించాను. ఆదివారం ఆయన చర్చికి వెళ్లేది ఆ దారినే.

"పందెంలో గేర్లు వంద మారుస్తారు రిబ్కమ్మా. ఏదో ఒకటి ఉంటుంది," అన్నాడాయన, జాలిపడుతున్నట్టు.

సంగతేమిటంటే, నిన్న పొద్దున సారపాకలో సైకిల్ పందెం మొదలైంది. అడవి రోడ్డున పినపాక వైపు వచ్చి, రెమ్మలమ్మ గుట్ట ఎక్కి, అవతలికి దిగి, ప్రాజెక్టు కట్ట మీద ముగియాలి. గెలిచినవాడికి రాష్ట్ర జట్టులో చోటు. పేపరు మిల్లులో పనిచేసే మా అక్క మొగుడు ఆదాము బావ ఈ కుర్రాళ్లకు కోచ్. ఆయన శిష్యుల్లో మొనగాడు వీరబాబు, గుట్ట కింది గూడెం పిల్లవాడు. నిన్న అందరికంటే ముందు గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది అతనే. కట్ట మీదికి మాత్రం రాలేదు. మధ్యాహ్నానికి గుట్ట అవతలి లోయలో, ప్రాజెక్టు నీళ్లకు కాస్త పైన, అతని సైకిలు దొరికింది. మనిషి లేడు.

అప్పటి నుంచి జాలర్ల తెప్పలు నీళ్లలో తిరుగుతూనే ఉన్నాయి. బావ నాకు ఫోన్ చేసి, "పోలీసోళ్లు శవాన్ని దేవులాడుతున్రు రిబ్కా. నువ్వొచ్చి మనిషిని దేవులాడు," అన్నాడు. వీరబాబు ఎక్కడైనా దెబ్బ తగిలి పడి ఉంటే, ఈ చలిలో ఒక రాత్రి గడిచింది. రెండో రాత్రి గడవదు. అందుకే పొద్దెక్కకముందే వచ్చి ఈ కట్ట మీద సీఐతో పంతాలాడుతున్నాను.

సైకిలు జీపుకు ఆనించి ఉంది. ముందు చక్రం వంకరపోయింది, హ్యాండిల్ తిరిగిపోయింది. బావ ఎక్కడో సెకండ్ హ్యాండులో సంపాదించి, గేర్లు తనే బాగుచేసిన సైకిలు అది. పోలీసు క్రీడల్లో సైకిల్ కప్పు తెచ్చినదాన్ని కాబట్టి నా కళ్లు ముందు గేర్ల మీదికే పోయాయి. చైను వెనక ఉన్న పళ్లచక్రాల్లో అన్నిటికన్నా పెద్దదాని మీద ఉంది. నిట్టనిలువు ఎక్కుడులో, ఊపిరి అందనప్పుడు వాడే గేరు అది. ఆ గేరులో గుట్ట దిగితే కాళ్లు గాలిలో తిరుగుతాయి తప్ప సైకిలుకు ఏ ఉపయోగమూ ఉండదు.

"అంత ఎత్తునుంచి పడితే చైను జారదా?" అన్నాడు షాలేమ్‌రాజు.

"జారితే చిన్న చక్రం మీదికి జారుతుంది. పెద్దదాని మీదికి ఎగబాకదు. పోనీ చైను ఎగబాకిందే అనుకుందాం, గేరు మీట కూడా అక్కడే ఉంది. మీట కూడా దానికి తోడు వెళ్లిందా?"

పక్కనున్న కానిస్టేబుల్ దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. సీఐ మొహం ఎర్రబడింది. సాయంత్రం నుంచి ఆయనకు వేరే బందోబస్తు ఉంది, ఈలోగా కేసు ముగించాలి, నేనేమో కొత్తది మొదలుపెడుతున్నాను.

ఇంకొకటి కూడా నాకు మింగుడుపడలేదు. రాడ్డు కింది వైపు, సీటుకు దగ్గరగా, ఒక తువ్వాలను మడతలు పెట్టి గట్టిగా కట్టి ఉంది. పందెం సైకిలుకు బావ బెల్లు కూడా ఉంచడు, బరువని. అలాంటిది ఇంత మందాన తువ్వాల ఎందుకు? చెమట తుడుచుకోవడానికని సీఐ తేల్చేశాడు. ముడుల మీద ముడులేసి కట్టిన తువ్వాలతో ఏం తుడుచుకుంటారో ఆయనకే తెలియాలి.

బావను పక్కకు పిలిచి అడిగాను. పందెం మొదలయ్యే ముందు వీరబాబుకు బావ సెల్లుకే ఫోన్ వచ్చిందట, వాళ్లమ్మ దగ్గర్నుంచి. కాయిన్ బాక్స్ నుంచి కావచ్చు, మధ్యలోనే తెగిపోయింది. ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు కుర్రాడి మొహం వెలిగిపోతోందట. వెంటనే బ్యాగులోంచి తువ్వాల తీసి రాడ్డుకు కట్టుకున్నాడు. ఎందుకురా అంటే నవ్వి ఊరుకున్నాడు.

మొహం వెలిగిపోతున్నవాడు పందెం గెలవాలని పోతాడు గానీ బరువు పెంచుకుని పోతాడా? నాకు తిక్క పుట్టింది. బావ బండెక్కి గుట్ట మీదికి పోనిమ్మన్నాను.

గుట్ట నెత్తిన రోడ్డు పక్కనే రెమ్మలమ్మ ఉంది. గుడి లేదు, బొమ్మ లేదు. మనిషెత్తు ఆకురెమ్మల కుప్ప, అంతే. గుట్ట దాటే ప్రతివాళ్లూ పక్కనున్న చెట్టు నుంచి ఒక రెమ్మ విరిచి దాని మీద వేసి పోవాలి. బస్సు డ్రైవర్లు కూడా ఇక్కడ నెమ్మది చేస్తారు, కండక్టరు దిగి రెమ్మ వేసి ఎక్కుతాడు. మేము చర్చికి పోయేవాళ్లం, వెయ్యం. అలాగని ఆ కుప్పను ఎవరైనా కాలితో తన్నితే ఊరుకోం.

నిన్న ఈ నెత్తి మీద ఆటగాళ్లను చూసుకోవడానికి నిలబడింది పగిడయ్య ఒక్కడే. చుట్టుపక్కల ఊళ్లలో అతన్ని తెలియనివాళ్లు లేరు. కలప డిపో ఉంది, జీపుంది, పందెంలో కుర్రాళ్లు వేసుకున్న బనియన్లన్నీ అతనే ఇచ్చాడు. ఈ రోజు కూడా కానిస్టేబుల్‌కు తోడుగా పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాడు. నన్ను చూడగానే ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. నేను టీ తాగుతూనే ప్రశ్నలు మొదలుపెట్టాను. అందరికంటే ముందొచ్చింది వీరబాబేనట. వెనక కనుచూపు మేరలో ఎవరూ లేరట.

"ఇక్కడ ఆగాడా?"

"ఆగకుంట పోతడా మేడం? పోయినేడు గిక్కడ ఆగే కదా ఓడిపాయె. ఎంత పందెమైనా గా పోరడు అమ్మను ఇడిశిపెట్టడు. దిగిండు, మద్ది రెమ్మ ఇరిశిండు, ఏసిండు, దండం పెట్టుకున్నడు. గదిగో, గదే రెమ్మ."

కుప్ప మీద ఒక మద్ది రెమ్మ విడిగా కనిపిస్తోంది. ఆకులు ఇంకా పూర్తిగా వాడలేదు. నిన్నటిదే.

"తరవాత?"

"తరవాత ఏముంటది? ఎక్కి తొక్కుకుంట దిగిండు. జర జోరుగనే దిగిండు. గప్పుడే అనుకున్న, మూల మీద ఏమైతడో అని."

తువ్వాల గురించి అడిగితే చెమటకేమో అన్నాడు. సీఐ చెప్పిన మాటే, అదే తీరున. అయినా నిజం చెప్పొద్దూ, నేను నమ్మేశాను. రెమ్మ వేసిన సంగతి అంత వివరంగా చెప్పాడు మరి. వీరబాబు ఎంత పందెంలోనైనా ఇక్కడ ఆగుతాడని బావ కూడా తలూపాడు. ఆగి రెమ్మ వేసి ఉంటే గుట్ట దాటినట్టే. దాటితే పడింది అవతలే. మరి ఆ గేరు? అది ఒక్కటే నా చెవిలో జోరీగలాగా తిరుగుతోంది.

ఇవతలి వైపు దిగి గూడేనికి పోయాం. వీరబాబు తల్లి గంగక్క ఇంటి ముందు నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. పక్కన ఉన్న ఆడవాళ్లతో వాళ్ల భాషలో ఏదో అంటోంది, నన్ను చూసి తెలుగులోకి మారింది. పొద్దున్నుంచి ఎంతమంది పోలీసులొచ్చారో, అందరూ కొడుకు తాగుతాడా అనే అడిగారట. నేను తువ్వాల గురించి అడిగాను.

ఆమె పక్కవాళ్లను లేచిపొమ్మని, బావను కూడా దూరంగా పంపించి, పోలీసులకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది.

"నా కోడలు ప్రమీల నిన్న తెల్లారంగ భద్రాచలం దవాఖానల కన్నది బిడ్డా. ఆడపిల్ల. బొడ్డూడేదాక మా ఇంట్ల బయటోళ్లకు చెప్పం. కొడుక్కు చెప్పాలె గద అని డబ్బా ఫోన్ చేసిన. కన్నది అన్న, గంతే. ఆడపిల్లని చెప్పకముందే కట్టయింది."

ఇందులో తువ్వాలకు సంబంధమేమిటో నాకు తట్టలేదు. అదే అడిగాను.

"పురుడున్నోడు అమ్మ ముంగటికెల్లి పోవద్దు. రెమ్మ ఏసుడు అటుంచు, ఎదురుంగ నిలవడనే వద్దు. పురుడున్నోళ్లకు, చావున్నోళ్లకు ఏరే బాటుంది, ఎక్కుడుల ఆఖరి మూలకాడ మొదలై గుట్ట నడుముకెల్లి పోతది. మిగిలినోళ్లెవ్వరు దాన్ని తొక్కరు. రాళ్లబాట, సైకిల్ నడవది. భుజానేసుకోవాలె."

రాడ్డు భుజానికి కోసుకోకుండా తువ్వాల. మోయాల్సి వస్తుందని బయలుదేరకముందే తెలిసినవాడు కట్టుకున్న తువ్వాల. ఎక్కుడు మధ్యలో దిగి సైకిలు భుజానికెత్తాడు కాబట్టే గేరు అలాగే ఉండిపోయింది. అతను రెమ్మలమ్మ ముందుకు రానే లేదు. ఆ బాట దాటి మళ్లీ సైకిలెక్కి ఉంటే దిగుడులో గేరు మార్చేవాడు, సైకిలును అవతల పడేసింది ఇంకెవరో. గుట్ట దాటలేదు. నిన్నటి నుంచి ఇంత మంది, ఇన్ని తెప్పలు, అతను లేని చోట వెతుకుతున్నారు.

మరి ఆ మద్ది రెమ్మ వేసిందెవరు? వీరబాబు అలవాటు బాగా తెలిసినవాడు. ఆ అలవాటు తెలుసు కాబట్టే, ఆగాడని చెప్పకపోతే ఎవరూ నమ్మరని రెమ్మ విరిచి మరీ వేశాడు. ఇంట్లో పురుడని తెలియనివాడు. ఆ ఇంట్లో బిడ్డ పుట్టిన సంగతి తెలిసుంటే పగిడయ్య చచ్చినా ఆ మాట అనేవాడు కాదు.

సరిగ్గా అప్పుడే సీఐ జీపు వచ్చి ఆగింది. షాలేమ్‌రాజు చేతిలో కాగితం, వెనక కానిస్టేబుల్ చేతిలో సిరా డబ్బా. కొడుకు ప్రమాదవశాత్తు నీళ్లలో పడిపోయాడని తల్లి వేలిముద్ర వేస్తే ఆయన తెప్పలను వెనక్కి పిలిపించి బందోబస్తుకు పోతాడట. నాకు ఒళ్లు మండిపోయింది. కాగితానికీ గంగక్కకీ మధ్య నిలబడ్డాను.

"అతను గుట్ట దాటలేదు. పగిడయ్య అబద్ధం చెప్పాడు. మనుషుల్ని ఇవతలి వైపు పంపండి."

"సాక్ష్యం?"

గొంతు దాకా వచ్చిన మాటను మింగేశాను. ఒట్టు వేసి గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు, అప్పుడే ఎలా తప్పను? గేరు అన్నాను, తువ్వాల అన్నాను. పాత పాటే కాబట్టి ఆయన నవ్వాడు. పగిడయ్య అబద్ధమాడే మనిషి కాదన్నాడు, మా చర్చికి రేకులు ఇచ్చింది కూడా అతనేనని గుర్తుచేశాడు. రేకులిచ్చినవాడు రెమ్మ వెయ్యడా, అని నా నోటి చివరిదాకా వచ్చింది.

"ఎక్కుడులో చివరి మూల దగ్గర ఒక బాట ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్లను ఇవ్వండి చాలు, చూసొస్తాను," అన్నాను. బతిమాలడం నాకు చేతకాదు, కానీ ఆ ఒక్కసారి బతిమాలాను.

"నీకు మనుషులెందుకు, దారి చూపించేవాడుంటే చాలదూ?" అని ఆయన వైర్‌లెస్ సెట్టు అందుకుని గుట్ట మీది కానిస్టేబుల్‌తో మాట్లాడాడు. మా రిబ్కమ్మ చివరి మూల దగ్గర ఏదో బాట చూడాలంటోంది, పగిడయ్యను కాస్త కిందికి పంపు, అన్నాడు. జీపు డ్రైవరు నవ్వాడు. ఆ సెట్టు లాగి చెరువులో పడేయాలనిపించింది, దగ్గర్లో చెరువు లేదు.

గంగక్క వేలిముద్ర వెయ్యలేదు. పిడికిలి బిగించి ఒళ్లో పెట్టుకుంది. "నా కొడుకు నీళ్లల్ల లేడు," అని ఒక్కటే మాట. వెయ్యకపోతే పోయిందని సీఐ కాగితం మడిచి జీపెక్కాడు. ఆయన జీపు పినపాక వైపు తిరిగి పోయింది.

ఇక ఆగడానికి లేదు. పగిడయ్య నాకన్నా పైన ఉన్నాడు. నేను బయలుదేరానని అతనికి తెలుసు. గూడెంలో ఉన్న మగవాళ్లను తీసుకుని వెనకే రమ్మని బావకు చెప్పాను. వాళ్లంతా ప్రాజెక్టు దగ్గర తెప్పల మీద ఉన్నారని, పిలుచుకు రావాలంటే గుట్ట చుట్టి పోవాలని బావ అన్నాడు. నువ్వు పో, నేను ఊరికే మూల దాకా పోయి చూస్తానన్నాను. ఒక్కదానివే వద్దని ఆయన అంటూనే ఉన్నాడు. ఆగమంటే ఆగేదాన్నయితే నాకు ఇంకా ఉద్యోగమే ఉండేది. వీరబాబు సాధన కోసం బావ గంగక్క ఇంట్లో ఉంచిన రెండో పందెం సైకిలెక్కి తొక్కడం మొదలుపెట్టాను.

రోడ్డు మీద సైకిలే ఎందుకంటే, గేరు మాట నిజమో కాదో నా కాళ్లతోనే తేల్చుకోవాలి. మొదట రోడ్డు మెత్తగా లేచింది. తర్వాత వెదురు పొదల మధ్య మెలికలు. ఒక్కో మెలికకూ ఒక్కో గేరు దిగుతూ వచ్చాను. ఈ వయసులో గుండె నోట్లోకి వచ్చింది. చివరి మూల దగ్గర రోడ్డు గోడలాగా నిలబడింది. చైను టక్కున పెద్ద చక్రం మీదికి ఎక్కింది. అదే గేరు. మూల తిరిగాక నెత్తి దాకా రోడ్డు చదును, అమ్మ దాకా ఆ గేరులో పోవాలన్నా పోలేం, ఎవరైనా మార్చి తీరతారు. అంటే వీరబాబు ఆ మూల దాటలేదు. గుడ్డివాడికి కూడా అర్థమయ్యే లెక్క.

మూల లోపలి వైపు రెండు రాళ్లు పాతి ఉన్నాయి. వాటి మధ్య నుంచి ఒక కాలిబాట అడవిలోకి పోతోంది. బావ చూస్తాడని సైకిలును రాయికి ఆనించి, నీళ్ల సీసా ఒక్కటి తీసుకుని లోపలికి నడిచాను. పగిడయ్య ఎక్కడా కనపడలేదు. అది నాకు నచ్చలేదు.

కొద్ది దూరం పోగానే పచ్చి టేకు వాసన కొట్టింది. బాట పక్కన కొమ్మలు కప్పిన కుప్పలు. ఒక కొమ్మ లాగితే కింద దుంగలు, నరికిన మొహాలు ఇంకా తడిగా ఉన్నాయి. ఇంకొకటి లాగితే మళ్లీ దుంగలే. ఇంట్లో పుట్టుకో చావో అయితే తప్ప మనిషి కాలు పెట్టని బాట. దొంగకు తాళం వేసిన గోడౌను కూడా ఇంత భద్రం కాదు. నిన్న పందెం జనం, ఈ రోజు పోలీసులు. రోడ్డు మీదికి లారీ రాలేక సరుకంతా ఇక్కడే ఉండిపోయింది. సరుకు ఉండిపోయిందంటే దానికోసం వాళ్లు మళ్లీ వస్తారు.

నేను పరుగెత్తాను. ఎండుటాకుల మీద నల్లగా గడ్డకట్టిన చుక్కలు. వాటి వెంబడే పోతే ఒక వాగు కోత, దాని అడుగున తెచ్చి పడేసిన కొమ్మల కుప్ప. జారుకుంటూ దిగి రెండు చేతులా కొమ్మలు లాగేశాను. మొదట ఒక చెయ్యి కనపడింది. పట్టుకుని చూశాను. వెచ్చగా ఉంది. ప్రభువా అని నోటి నుంచి దానంతట అదే వచ్చేసింది.

వీరబాబు తల వెనక పగిలి జుట్టంతా అట్టకట్టింది. ఎడమ కాలు మోకాలి కింద వంకరపోయి ఉంది, అందుకే పాకలేకపోయాడు. చచ్చాడనుకుని పడేసి పోయారు. పెదాలకు నీళ్లు తడిపాను. గుటక వేశాడు. ఇంకాస్త పోశాను. ఆదాము సారు మరదలినని, మీ అమ్మ పంపించిందని చెప్పాను. దుంగలు చూశానని, వెనక నుంచి కొట్టారని అతుకులు అతుకులుగా చెప్పాడు. మాట్లాడొద్దు, మీ సారు వస్తున్నాడు అన్నాను. అతను వినలేదు. నా చెయ్యి పట్టుకుని, ఉన్న ఓపికంతా కూడదీసుకుని ఒకటే అడిగాడు.

"ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి కూడా తీరిక లేదు.

"ఆడపిల్ల," అన్నాను. "తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమం. నువ్వు లేచి పోయి చూసుకోవాలి."

వెనక గట్టు మీద ఆకుల చప్పుడైంది. బావ ఇంత తొందరగా రాలేడని తెలిసినా బావే అయి ఉండాలని తిరిగి చూశాను.

పగిడయ్య. చేతిలో గొడ్డలి, వెనక ఇద్దరు మనుషులు. అతను నన్ను చూడటం లేదు. వీరబాబునే చూస్తున్నాడు, నోరు కొద్దిగా తెరిచి, దెయ్యాన్ని చూసినట్టు. నా మాట విన్నాడు. ఎక్కడ దొరికిపోయాడో ఆ క్షణంలో అతనికి అర్థమైంది. దానితోపాటు ఇంకొకటి కూడా అర్థమైనట్టుంది. పురుడున్నవాడి పేరున తన చేత్తో అమ్మ మీద రెమ్మ వేశాడు. అతని మొహంలో భయం నిజమైన భయం.

"పురుడా," అన్నాడు మెల్లగా. "వీని ఇంట్ల పురుడని నాకెవ్వరు చెప్పలే."

అతను గొడ్డలిని ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుని, ఒక్కో అడుగే చూసుకుంటూ కోతలోకి దిగడం మొదలుపెట్టాడు.

"గీ ముచ్చట ఇంకెవ్వరికి ఎరుక మేడం?"

సీఐకి తెలియదు. బావకు తెలియదు. ఒట్టు వేశానని నేనే ఎవరికీ తెలియనివ్వలేదు. తెలిసింది ఒక్క గంగక్కకే, ఆమె కింద గూడెంలో ఒంటరిగా కూర్చుని ఉంది. నేను లేచి వీరబాబుకు అడ్డంగా నిలబడ్డాను. ఆ కుర్రాడు నా చెయ్యి ఇంకా వదల్లేదు.